కాలేయమును గాపాడుకొనుట: రైతు గృహములకు గొన్ని సూచనలు

వేరుసెనగ సాగును గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుటకు అలవాటుపడిన మేము ఈ మాసమున కాలేయమును గూర్చి వ్రాయబూనుట చూచి, "ఇది వైద్యుల పని గదా! వ్యవసాయ ప్రదర్శకులకు దీనితో నేమి సంబంధము?" అని మీలో కొందరు తలంపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. రోగికి మందిచ్చుట మా పని కాదు. అట్టి సాహసమునకు మేము పూనుకొనము. కాని కాలేయమునకు గలుగు కీడులలో నొకటి మన చేనిలోనే పుట్టి, కళ్ళములో పెరిగి, మూటలలో ముదిరి, అటుపిమ్మట వంటయింటిలో ప్రవేశించుచున్నది. అది నడచు త్రోవలో వైద్యుడెచ్చటను లేడు. రైతును, రైతు ఇల్లాలును మాత్రమే యున్నారు. కావున దీనిని గూర్చి చెప్పుట మా విధియే యని తలంచుచున్నాము.

కాలేయమనగా పల్లెలలో కార్జమని పిలువబడు నవయవమే. మేకను కోసినప్పుడు ముదురు ఎరుపు రంగుతో మెత్తగా కనబడు దానిని చూడనివారుండరు. మనుష్యునిలో నిది కుడివైపున ప్రక్కటెముకల చాటున నుండును; ఎదిగిన మనిషిలో ఇంచుమించు కిలోన్నర బరువుండును. దాని పనిని గ్రహించుటకు మన సంఘపు గిడ్డంగిని తలచుకొన్న చాలును. సభ్యుల సరకంతయు మొదట గిడ్డంగికే వచ్చును. అచ్చట తూకము వేసి, తాలు తీసి, కొంత నిలువయుంచి, కొంత వలసిన చోటులకు పంపుదురు. అట్లే మనము తిన్న యన్నము ప్రేగులలో జీర్ణమై, దాని సారము రక్తముతో గలసి మొదట కాలేయమునకే చేరును. అన్నమునుండి వచ్చిన చక్కెరను కాలేయము నిలువచేసికొని, రాత్రివేళ మనము ఏమియు తినక నిద్రించుచుండగా కొంచెము కొంచెముగా విడుచుచుండును. క్రొవ్వు జీర్ణమగుటకు వలసిన పైత్యరసమును తయారుచేయును. గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన పదార్థములును చాలవరకు దాని యందే పుట్టును. మనము మ్రింగిన మాత్రను గాని, సారాయిని గాని, తెలియక తిన్న విషమును గాని విరిచి బయటికి పంపు భారమును దానిదే. గిడ్డంగిలో పుచ్చు సరకును చెరుగు కూలివానికే మొదట ఆ దుమ్ము సోకును గదా. అట్లే విషమును విరుచు పనిలో మొదట దెబ్బతినునదియు కాలేయమే.

ఈ యవయవమునకు మరి యే యవయవమునకును లేని యొక సుగుణము గలదు. శస్త్రచికిత్సచే దానిలో సగము తీసివేసినను, మిగిలినది ఆరోగ్యవంతమైనచో కొన్ని నెలలలో పెరిగి ఇంచుమించు వెనుకటి పరిమాణమునకు వచ్చును. ఇంత ఓర్పు గలదగుటచేతనే అది మనలను మోసగించుచున్నది. పన్ను పుచ్చిన ఆ రాత్రియే నిద్ర పట్టదు. కాలేయము మాత్రము ఏండ్ల తరబడి చెడిపోవుచున్నను నొప్పి పుట్టింపదు. కన్నులు పచ్చబడుట, పొట్టలో నీరు చేరుట, కాళ్ళు వాచుట, నెత్తురు కక్కుట మొదలగు గుర్తులు కనబడునప్పటికి, లోపలి మెత్తని కండ చాలభాగము గట్టిపడి మచ్చలు గట్టియుండును. దీనినే వైద్యులు సిరోసిస్ అందురు. ఆ స్థితికి వచ్చినదానిని మునుపటివలె చేయుట మిక్కిలి కష్టము. కనుక కాలేయము విషయమున చేయవలసిన పనియంతయు గుర్తులు కనబడకముందు చేయవలసినదే.

ఇక మా పనికి సంబంధించిన సంగతికి వత్తము. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో టర్కీ కోళ్ళు లక్షకు పైగా వరుసగా చచ్చిపోయినవి. వ్యాధి యేదియో తెలియక దానికి "టర్కీ ఎక్స్ వ్యాధి" అని పేరు పెట్టిరి. పరిశోధింపగా అది అంటువ్యాధి కాదనియు, దాణాకై బ్రెజిల్ దేశమునుండి తెప్పించిన వేరుసెనగ పిండియే కారణమనియు తేలినది. ఆ పిండికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టియుండెను. మన మూటలలో పసుపు కలసిన ఆకుపచ్చ రంగున పొడిపొడిగా కనబడు బూజు ఇదియే. ఇది తయారుచేయు విషమునకు, దాని పేరులోని అక్షరములనే కూర్చి, అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. కోళ్ళు చచ్చినది ఆ విషముచే కాలేయము చెడియే.

కోళ్ళ సంగతి మనకెందుకని యనవలదు. 1974వ సంవత్సరమున రాజస్థానములోని బాంస్వాడా జిల్లాయందును, దానిని ఆనుకొనియున్న గుజరాతులోని పంచమహల్ జిల్లాయందును గిరిజన గ్రామములలో జనులకు కామెర్లు వచ్చి, వెనువెంటనే పొట్టలో నీరు చేరసాగెను. 397 మందికి జబ్బు చేయగా వారిలో 106 మంది మరణించిరి. ఆ యిండ్ల తిండి తిన్న కుక్కలకును అదే వ్యాధి సోకెను. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని విచారించిరి. ఆ జనులకు ముఖ్యాహారము మొక్కజొన్న. కోతవేళ అకాలవర్షమునకు కంకులు తడిసినవి. తడిసినవానిని చక్కగా ఎండనీయక నిలువచేసిరి. గింజలకు ఈ బూజే పట్టెను. ఒక్క వానయు, చాలని యెండయు, వేరు తిండి లేని బీదతనమును కలసి వందమందిని మించి పొట్టన బెట్టుకొన్నవి.

అంతటి మోతాదు ఒక్కసారిగా కడుపులోనికి పోవుట అరుదు. మనకు గలిగెడి కీడు వేరు విధమైనది. కొంచెము కొంచెముగా ఏండ్లకొలది తినుచుండినచో ఈ విషము కాలేయములో క్యాన్సరు పుట్టించును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని, మనుష్యులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించు పదార్థముల తరగతిలో చేర్చియున్నది. ఎంత స్వల్పమైన మోతాదునకు భయపడవలెనో తెలియుటకు ఒక్క లెక్క చాలును. నేరుగా తినుటకు అమ్ము వేరుసెనగ గింజలలో ఈ జాతి విషములన్నియు కలసి కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదని యూరోపు దేశముల నిబంధన. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు.

కొన్నియేండ్ల క్రిందట అనంతపురము జిల్లాలోని యొక గ్రామమునకు, కోతలైన పిదప, మేము పోయియుంటిమి. ఒక రైతు ఇంటి వసారాలో ఆడవారు కూర్చుండి గింజలేరుచుండిరి. మూడు కుప్పలుండెను. నిండుగా నున్నవి విత్తనమునకు; మధ్యరకమువి వర్తకునికి; మూడవ కుప్పలో ముడుతలు పడినవి, నల్లబడినవి, పురుగు తొలిచినవి, ముక్క వాసన కొట్టునవి. ఈ మూడవ కుప్పను ఏమి చేయుదురని అడిగితిమి. ఇంటి పెద్దామె, "ఏం చేస్తాం నాయనా, ఇంట్లోకే! సగం ఊరుబిండికి, తక్కినవి గానుగకు. పిండి బర్రెకు పనికొస్తుంది" అనెను. ఆమె మాటలో దాపరికము లేదు. పొదుపెరిగిన ఇల్లాలు చేయు పనియే ఆమె చేయుచుండెను. మధ్యాహ్నము మమ్ము కూర్చుండబెట్టి రాగిసంకటియు, ఆ గింజల ఊరుబిండియు వడ్డించెను. పచ్చడి కొంచెము చేదుగా నుండెను. మేము మర్యాదకై మాటాడక తింటిమి. ఆ దినమున మాటాడకపోయితిమే యను చింతయే నేడు మాచే ఇంత వ్రాయించుచున్నది.

మేము మిషను పాఠశాల వసతిగృహమున చదువుకొను దినములలో శనివారమునాడు వంటకు గింజలేరుట పిల్లల వంతు. చేదుగింజ నోట బడినవాడు వెంటనే ఉమ్మివేసి, నోరు పుక్కిలించి రావలెనని మా వార్డెనుగారి నియమము. అది ఆయన చాదస్తమని మేము చాటున నవ్వుకొనెడివారము. అఫ్లటాక్సినను మాట ఆయన మాకెన్నడును చెప్పియుండలేదు. ఆచారము మాత్రము సరియైనదే.

ఈ మూడవ కుప్పలోని ప్రమాదమేమన, విషము అన్ని గింజలలోను సమముగా నుండదు. వేలకొలది గింజలలో కొన్నింటియందే అది ముద్దగా నుండును; ఆ కొన్నియు సాధారణముగా ముడుత పడినవి, రంగు మారినవి, పగిలినవియే. విదేశములకు పోవు సరకును పెద్ద కర్మాగారములలో యంత్రములు ఒక్కొక్క గింజను రంగు చూచి ఏరివేయును. మన వసారాలో ఆడవారి చేతులును అదే పనిని చక్కగా చేయుచున్నవి. భేదమెచ్చటనన, అచ్చట ఏరినది పారవేయబడును; ఇచ్చట ఏరినది ఇంటివారి విస్తరిలోనికి వచ్చును. ఎంత శ్రద్ధగా ఏరిన, అంత చిక్కని విషము ఇంటికి మిగులుచున్నది. మంచిది అంగడికి, చెడ్డది ఇంటికి అను మన పూర్వాచారము పొదుపని పేరు పొందినది గాని, ఈ విషయమున దానికంటె ఖరీదైన దుబారా లేదు.

"వేయించిన పోవును గదా!" అని పలువురు మమ్మడిగిరి. పోదు. వేపుడు వేడికి కొంత తగ్గునే గాని నశింపదు, ఉడికించినను అంతియే. పైబూజును తుడిచివేసినను, కడిగి ఎండబెట్టినను లోపలి విషము లోపలనే యుండును. గానుగ నూనెలోనికి కొంత దిగును. నూనెను క్షారముతో శుద్ధిచేయు మిల్లులలో అది చాలవరకు తొలగును గాని, ఊరి గానుగలో ఆ శుద్ధి లేదు. ఎక్కువభాగము పిండిలో నిలిచిపోవును. ఆ పిండి తిన్న బర్రె పాలలోనికి విషము రూపు మార్చుకొని వచ్చును. ఆ పాలు త్రాగువారు పిల్లలు. కోళ్ళకు, బాతులకు వేసితిమా, అవి మనకంటె ముందు చచ్చును.

కావున బూజును గింజలోనికి రాకుండ చేయుటయే ఉపాయము. ఇందు చేనిలో చేయవలసినవి కొన్ని గలవు. పూతదశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసినచో కాయ పెంకు గట్టిపడి గింజ నిండును. పెంకు పగిలిన కాయకు బూజు త్వరగా పట్టును గనుక చెదలను, కాయ తొలుచు పురుగులను అదుపులో నుంచవలెను. కలుపు గొర్రు, తొలిక కాయలకు తగులకుండ చూడవలెను. పంట చివరి నెలలో వాన తప్పి నేల కాగినచో బూజు భూమిలోనే కాయలోనికి జొరబడును. బావిలో కొంచెమైన నీరున్నవారు అప్పుడొక్క తడి యిచ్చుట, ముందు ఇచ్చిన రెండు తడులకంటె మేలు. కాయను ఒలిచి చూచినప్పుడు పెంకు లోపలివైపు నలుపుగా మారినవి నూటికి 75 వరకున్నచో తీతకు సమయమైనదని యెరుంగునది. కూలీలు దొరకలేదని పదిదినములు జాగు చేసినచో నష్టము కాయలు నేలలో తెగుటతోనే పోదు.

పీకిన చెట్లను పచ్చివి పచ్చివిగనే వామి వేయు అలవాటు మన ప్రాంతములలో గలదు. మబ్బు కనబడగానే తొందరపడి వేయుదురు. వామి లోపల ఉక్కపోసి బూజునకు పండుగ యగును. దానికి బదులు చెట్లను తలక్రిందులుగా, కాయలు పైకి, ఆకు క్రిందికి ఉండునట్లు వరుసగా పరచినచో గాలియు ఎండయు కాయలకే తగులును. కాయలు తెంపిన తరువాత మట్టినేలమీద గాక తార్పాలిను పట్టాలమీద పలుచగా నెండబోయవలెను. సాయంకాలము కప్పి, ఉదయము మంచు విడిన పిదప తీయవలెను. ఎండినదో లేదో తెలిసికొనుటకు పిడికెడు కాయలను చెవి దగ్గర ఆడించిన గలగలమనవలెను. గింజను వ్రేళ్ళ నడుమ నలిపిన పైపొర ఊడిరావలెను. గింజలో తేమ నూటికి 8 వంతులకు లోబడియుండుట క్షేమము. దీనిని కొలుచు చిన్న యంత్రములు కలవు. ఒక్కొక్క రైతు కొననక్కరలేదు. సంఘమున నొకటి యుండి, తార్పాలినులును కొన్ని అద్దెకిచ్చుటకున్నచో తీతకాలమున నలువదియిండ్లకు పనికివచ్చును. ఈ సంగతిని సభ్యులు తదుపరి సర్వసభ్య సమావేశమున నడుగవచ్చును.

చేనిలో పరిగె ఏరిన కాయలను ఒక్కమాట చెప్పవలెను. నేలలో నిలిచి, తరువాత దున్నినప్పుడు పైకి వచ్చు ఈ కాయలు అన్నిటికంటె ప్రమాదకరమైనవి. వీనిని మంచి కాయలలో కలుపరాదు. బీదకూలీల పిల్లలు వీనిని ఏరి కాల్చుకొని తినుట చూచుచున్నాము. వద్దని చెప్పుట సులభము. ఆ పిల్లలకు ఒక్క శేరు మంచి కాయలిచ్చి చెప్పుట మేలు.

నిలువ విషయమున, కాయను కాయగనే యుంచవలెను. గింజలుగా ఒలిచి నెలలకొలది యుంచరాదు. శుభ్రమైన గోనెలలో పోసి, నేలమీద గాక బల్లలమీద, గోడకు మూరెడు దూరమున పేర్చవలెను. పెంకు మెత్తబడుటకై కాయలపై నీళ్ళు చల్లి ఒలుచుట అనేక గ్రామములలో గలదు. పని త్వరగా సాగునన్నమాట నిజమే. కాని నెలదినములు ఎండబెట్టిన కష్టము ఆ చెంబెడు నీళ్ళతో పోవును. ఆ పూటకు వాడుకొను గింజలకైన సరే, ఈ అలవాటును మానవలెను.

మొక్కజొన్నకును ఇదే కథ. మిరపలో తాలుకాయలను చౌకగా కొని ఇంటి కారమునకు దంపించుకొనువారు గలరు. నేలమీద మంచులో పడియుండి తెల్లబడిన ఆ కాయలలోను ఈ విషముండవచ్చును.

ఇట్లు చెప్పినప్పుడెల్ల ఒక రైతు లేచి మమ్మడుగు ప్రశ్న యొకటి గలదు: "అయ్యా, కరవు ఏట పండేదే నాలుగు మూటలు. అందులో ఒక మూట పారబోయమంటే ఎట్లా?" దీనికి మా వద్ద తీయని సమాధానము లేదు. కరవు ఏటనే ముడుతగింజలెక్కువ. కరవు ఏటనే వానిలో విషమెక్కువ. కరవు ఏటనే ఇంటిలో వేరు తిండి తక్కువ. మూడును ఒక్కసారియే వచ్చును. మేము చెప్పగలిగినదేమన, అట్టి ఏట రెండవ కుప్పలోనుండి కొంత ఇంటికుంచుకొని, అమ్మకము నంతమేర తగ్గించుకొనుడు. మూడవ కుప్పను గోతిలో పూడ్చుటయో, కాల్చివేయుటయో ఉత్తమము. అంతకు మనసొప్పనివారు వేరుగా గానుగాడించి, ఆ నూనెను దీపమునకును, పిండిని చెట్ల పాదులకును వాడవచ్చును. ఐతే దీపపు నూనె ఒకనాడు మరచి పోపులోనికి చేరునను భయము మాకు లేకపోలేదు.

ఈ విషమునకు తోడుగా మరియొక శత్రువు గలదు. అది హెపటైటిస్ బి యను కామెర్ల పురుగు. కంటికి కనబడని ఈ సూక్ష్మజీవి ఒకమారు రక్తములో స్థిరపడినచో ఏండ్లకొలది కాలేయములో నుండిపోవును. అట్టివారు అఫ్లటాక్సిను గల తిండిని తినుచుండినచో కాలేయ క్యాన్సరు వచ్చు అవకాశము ఏ యొక్కదాని వలనను గలుగు దానికంటె పలు రెట్లు పెరుగును. ఇది తల్లినుండి పుట్టుచున్న బిడ్డకును, శుద్ధిచేయని సూదులవలనను, ఒకరి క్షౌరపు కత్తి యొకరు వాడుటవలనను, స్త్రీ పురుష సంబంధమువలనను అంటును. కలసి భోజనము చేయుటవలన అంటదు. కావున రోగిని వెలివేయ నక్కరలేదు. దీనికి టీకా గలదు. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దానిని స్వదేశమున తయారుచేసి వెల తగ్గించినది. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగనే వేయుచున్నారు. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటిది, అటుపిమ్మట 6, 10, 14 వారములలో తక్కినవి. మొదటిదానిని తప్పిపోనీయరాదు.

సారాయిని గూర్చి విస్తరించుట అనవసరము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేచి నిలువగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. చట్టములు వచ్చును, పోవును. కాలేయమునకు మాత్రము సీసా రంగు తెలియదు. నాటుదైనను, విదేశపు పేరు గలదైనను దానియందలి ఆల్కహాలు ఒక్కటే. త్రాగువాని కాలేయములో మొదట క్రొవ్వు పేరుకొనును. ఈ దశలో మానినచో కొన్ని వారములలోనే అది చాలవరకు తొలగిపోవును. మానకున్న వాపు, తరువాత మచ్చలు, తుదకు సిరోసిస్. ఒక్క హెచ్చరిక: ఏండ్లుగా ప్రతిదినము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా ఆపినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. దానిని చూచి, "మానితేనే జబ్బు చేసింది" అని ఇంటివారే మరల పోయించుట మేమెరుగుదుము. అట్టివారు వైద్యుని కనిపెట్టుబడిలో మానవలెను.

త్రాగుడు లేనివారి కాలేయములోను క్రొవ్వు పేరుకొనుట నేడు సామాన్యమైనది. దీనికి కారణము నూనె యొక్కటే యని తలంచుట పొరబాటు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పెక్కు గృహముల ఆకలిని తీర్చినది; దానిని మేము నిందింపము. కాని జొన్న, కొర్ర, రాగి తినుచుండిన మెట్టప్రాంతమువారు మూడుపూటల తెల్లని యన్నమునకు దిగిరి. అదే కాలమున నాగలికి బదులు ట్రాక్టరు, కాలినడకకు బదులు మోటారుసైకిలు వచ్చెను. పనికి మించి తిన్న అన్నమును, చక్కెరను కాలేయము క్రొవ్వుగా మార్చి తనలోనే దాచుకొనును. సన్నగా కనబడువానికిని పొట్ట మాత్రము ముందుకు వచ్చియున్నచో అనుమానింపవలెను. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని మన దేశపు వైద్యులు చెప్పుచున్నారు. బరువెక్కువగా నున్నవారు అందు నూటికి 7 నుండి 10 వంతులు మెల్లగా తగ్గించుకొన్నచో కాలేయపు క్రొవ్వును వాపును తగ్గును. చేయవలసినదేమన, అన్నమును ఒక గరిటె తగ్గించి పప్పును, ఆకుకూరను పెంచుట. ఒక పూట జొన్నరొట్టెయో, కొర్రన్నమో, సంకటియో తినుట. సీసాలలోని తీపి పానీయములను మజ్జిగతో మార్చుకొనుట. రోజుకు నాలుగైదుమారులు త్రాగు టీలో చక్కెరను సగము చేయుట. కాఫీ త్రాగువారు భయపడ నక్కరలేదు. అది కాలేయమునకు మేలు చేయునట్లే పరిశోధనలు చూపుచున్నవి, చక్కెర సంగతి వేరు. మధుమేహమున్నవారు ఈ విషయమున రెట్టింపు జాగ్రత్త వహింపవలెను.

ఇక కామెర్ల పసరు మందు. కామెర్లు ఒక వ్యాధి కాదు, పలు వ్యాధుల గుర్తు. చెడునీటివలన వచ్చు కామెర్లు చాలమందికి కొన్ని వారములలో వానియంతట నవియే తగ్గును. ఆ వారములలో ఎవడు పసరు పోసినను, చేతిమీద వాత పెట్టినను వానికి కీర్తి వచ్చును. తగ్గనివి మాత్రము ఆలస్యముగా ఆసుపత్రికి చేరును. గర్భిణికి కామెర్లు వచ్చినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. నీటివలన వచ్చు హెపటైటిస్ ఇ ఆమెకు ప్రాణాంతకము కావచ్చును. నేల ఉసిరి హెపటైటిస్ బిని పోగొట్టునని 1988లో మద్రాసు పరిశోధకులు ఆశ కలిగించిరి. తరువాతి పరీక్షలలో అది స్థిరపడలేదు. ఉప్పు, నూనె పూర్తిగా మాన్పించి రోగిని నీరసింపజేయు పథ్యమును వైద్యులు ఒప్పుకొనుటలేదు. పొట్టలో నీరున్నవారికి మాత్రము ఉప్పు తగ్గింతురు. జ్వరము, ఒంటినొప్పులకు వాడు పారాసిటమాల్ మాత్రలును మోతాదు మించినచో కాలేయమును చంపగలవు. ఎదిగినవారు దినమునకు మొత్తము 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, ఎన్నడును దాటరాదు. త్రాగుడు అలవాటున్నవారు అంతకంటె చాల తక్కువకే వైద్యుని అడుగవలెను. నలువది దాటినవారు, త్రాగువారు, మధుమేహులు సంవత్సరమున కొకమారు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

గత సంవత్సరము మేము ఆ అనంతపురము జిల్లా గ్రామమునకు మరల పోయితిమి. ఈమారు మర్యాదను ప్రక్కకు పెట్టి, పై సంగతులన్నియు ఆ పెద్దామెకు చెప్పితిమి. ఆమె చాలసేపు వినెను. బూజు పట్టినవి, నల్లబడినవి పారవేయుట కొప్పుకొనెను. ముడుతగింజల విషయమున మాత్రము, "అవి ఎండకు ముడుచుకున్నవే గాని చెడినవి కావు నాయనా" అని వాదించెను. చేదు తెలియనంత మాత్రమున విషము లేదనరాదని మేము చెప్పితిమి. ఆమె కోడలు చదువుకొన్నది. ఏమియు మాటాడక ఆ కుప్పను చేటలోనికెత్తి వేరుగా నుంచెను. దానిని తరువాత గోతిలో పోసిరో, గానుగకు పంపిరో మేమెరుగము. ఆ మధ్యాహ్నము మాకు వడ్డించిన ఊరుబిండి మాత్రము వర్తకుని కుప్పలోని గింజలది.